మోడెమ్‌కీ రౌటర్‌కీ మధ్య ఒక కేబుల్ చాలా, రెండు కలపాలా, 2.5 గిగాబిట్ పోర్టు కొనాలా?

మోడెమ్ వెనక రెండు ల్యాన్ పోర్టులు ఉంటాయి, రౌటర్ వెనక నాలుగో ఐదో ఉంటాయి, మధ్యలో మాత్రం ఒక్క కేబులే వేలాడుతుంటుంది. ఖాళీగా ఉన్న పోర్టుల్ని కూడా కలిపేస్తే స్పీడు రెట్టింపు అవుతుందా అని చాలామంది అడుగుతారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు కేబుల్ మోడెమ్ అట్టపెట్టె మీద లింక్ అగ్రిగేషన్ (రెండు పోర్టుల్ని కలిపి ఒకే లింక్‌గా వాడటం) అన్న మాట చూసి అడుగుతారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు ఫైబర్ బాక్స్‌కి, అంటే ఓఎన్‌టీకి, రెండో పోర్టు ఖాళీగా కనిపించి అడుగుతారు. ప్రశ్న ఒకటే అయినా ఈ ఇద్దరికీ చెప్పాల్సిన జవాబు ఒకటి కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండు పోర్టులు కలపడం ఒకే ఒక్క పరిస్థితిలో పనికొస్తుంది. మీ ప్లాన్ 1 గిగాబిట్ దాటి ఉండాలి, మీ దగ్గర ఇప్పటికే ఉన్న మోడెమ్, రౌటర్ రెండూ ఆ పద్ధతికి సపోర్ట్ ఇవ్వాలి, వాటిలో 2.5 గిగాబిట్ పోర్టు ఉండకూడదు. ఇది కుదిరితే రెండో కేబుల్ ఖర్చుతోనే పని జరిగిపోతుంది కాబట్టి తప్పకుండా వాడుకోండి. కొత్తగా కొనేవాళ్లు మాత్రం 2.5 గిగాబిట్ పోర్టు ఉన్న వస్తువులే కొనుక్కోవాలి. 1 గిగాబిట్ లోపు ప్లాన్ ఉన్న ఇంటికి ఒక మంచి కేబుల్ సరైన పోర్టులో ఉంటే చాలు. ఇక మీ అసలు బాధ స్పీడు గురించి కాకుండా మాటిమాటికీ నెట్ పోవడం గురించి అయితే, మీకు కావాల్సింది రెండు కనెక్షన్లు. దాని సంగతి విడిగా చెప్తాను.

ముందు ఎక్కడ ఆగిపోతోందో చూడండి

గిగాబిట్ పోర్టు అంటే సెకనుకు 1000 మెగాబిట్లు. ప్యాకెట్లకు, అంటే డేటా ప్రయాణించే ముక్కలకు, తగిలించే హెడర్లు కొంత తినేస్తాయి కాబట్టి స్పీడ్ టెస్టులో 930 నుంచి 940 దాకా చూపిస్తుంది. అదే 100 మెగాబిట్ల పోర్టు అయితే 93, 95 మధ్య ఆగిపోతుంది. ఈ రెండు అంకెలు గుర్తుంటే సగం సమస్యలు మీరే పట్టేయొచ్చు. మీ టెస్టు ఎప్పుడు చేసినా 94 దగ్గరే కదలకుండా ఉందంటే దారిలో ఎక్కడో ఒక లింక్ 100కి పడిపోయిందని అర్థం. ఎప్పుడూ 940 దగ్గర ఉంటే గిగాబిట్ పోర్టు నిండిపోయిందని అర్థం. అంకె రోజుకో రకంగా, పూటకో రకంగా మారుతుంటే మాత్రం సమస్య వైఫైలోనో ప్రొవైడర్ వైపో ఉంటుంది, పోర్టుల జోలికి వెళ్లే పని లేదు.

ప్లాన్ స్పీడు ఎంతన్నది ప్రొవైడర్ వైపు సెట్ చేసి ఉంటుంది. మన ఇంట్లో ఎన్ని కేబుళ్లు కలిపినా ఆ గీత దాటలేం. 2020లో జియోఫైబర్ ప్లాన్లు 30 ఎంబీపీఎస్‌తో మొదలై 100, 150, 300, 500 మీదుగా 1 గిగాబిట్ దాకా వెళ్లేవి. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ వరసలో కింది సగమే. 300 ప్లాన్ ఉన్న ఇంట్లో ఒక గిగాబిట్ కేబుల్‌లో మూడో వంతు కూడా నిండదు. అక్కడ రెండో కేబుల్ వేస్తే అందులో వెళ్లడానికి డేటానే ఉండదు.

వైఫై లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. రెండు యాంటెనాల వైఫై 6 ఫోన్ 80 మెగాహెర్ట్జ్ చానల్ మీద 1201 ఎంబీపీఎస్ లింక్ చూపిస్తుంది. కానీ రౌటర్ పక్కనే నిలబడి టెస్టు చేసినా చేతికొచ్చేది 600 నుంచి 800 దాకానే. గోడ అడ్డం వస్తే ఇంకా తగ్గుతుంది. ఇంట్లో అందరూ ఫోన్ల మీదే ఉంటే మోడెమ్, రౌటర్ మధ్య గిగాబిట్ దాటించడం కోసం డబ్బు పెట్టక్కర్లేదు. అదే డబ్బుతో వెనక గదికి ఒక కేబుల్ లాగి అక్కడ యాక్సెస్ పాయింట్ (వైఫై మాత్రమే ఇచ్చే పెట్టె) పెట్టుకుంటే తేడా ఆ రోజే తెలుస్తుంది.

ఒకే కేబుల్, కానీ సరైన పోర్టులో

మన దగ్గర ఎక్కువ ఇళ్లకు సరిపోయేది ఇదే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్తాను.

చౌక రకం ఓఎన్‌టీల్లో రెండు ల్యాన్ పోర్టులుంటే అవి రెండూ సమానం కాకపోవచ్చు. ఒకటి జీఈ, అంటే గిగాబిట్. ఇంకోటి ఎఫ్ఈ, అంటే 100 మెగాబిట్లు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకే కేబుల్ రెండింట్లోనూ పడుతుంది. విజయవాడలో మా పిన్ని వాళ్లింట్లో 200 ప్లాన్ ఉంటే టెస్టు మాత్రం పొద్దున చేసినా రాత్రి చేసినా 94. రౌటర్ పాతదైపోయింది, కొత్తది కొనుక్కోండి అని ఇన్‌స్టాల్ చేసినతను సలహా ఇచ్చి వెళ్లాడు. పెట్టెను గోడ మీంచి దింపి టార్చి వేసి చూస్తే పోర్టుల పక్కన సన్నటి అక్షరాలతో జీఈ, ఎఫ్ఈ అని ప్రింట్ చేసి ఉంది. రౌటర్ కేబుల్ ఎఫ్ఈలో ఉంది. తీసి జీఈలో పెట్టగానే 200 వచ్చేసింది. కొత్త రౌటర్ ఖర్చు మిగిలింది.

పోర్టు సరైనదే అయినా 94 దాటకపోతే కేబుల్‌ని అనుమానించండి. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు ఉంటాయి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. కనెక్టర్‌లో ఒక్క తీగ సరిగ్గా క్రింప్ కాకపోయినా లింక్ ఏ హెచ్చరికా లేకుండా 100కి దిగిపోవచ్చు. నెట్ మాత్రం వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పారదర్శకంగా ఉండే ఆ చిన్న ప్లాస్టిక్ కనెక్టర్‌ని క్లిప్ కిందికి ఉండేలా తిప్పి వెలుతురులో పట్టుకుని చూడండి. ఎడమ నుంచి కుడికి తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ రంగులు వరసగా ఉండాలి. ఎనిమిది తీగల కొనలూ ముందు అంచు దాకా తగులుతూ ఉండాలి. రెండు చివర్లూ ఒకే వరసలో ఉండాలి. ఏ తీగైనా సగంలో ఆగిపోయి ఉంటే దాన్ని కోసేసి కొత్త కనెక్టర్ వేయించుకోవడమే.

కేబుల్ కొనేటప్పుడు ఇంకో సంగతి చూడాలి. అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసి క్యాట్ 6 పేరుతో అమ్మేవి మార్కెట్లో చాలా ఉన్నాయి. వంచితే త్వరగా విరుగుతాయి, దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనపడుతుంది. ఒక తీగ కొనను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం. అసలు రాగి అయితే ఎంత గీకినా రాగి రంగే ఉంటుంది. షాపులో అరడుగు ముక్క అడిగి గీకి చూడటానికి మొహమాటపడొద్దు.

లింక్ ఎంత మీద నడుస్తోందో తెలుసుకోవడం తేలికే. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో కలిపి విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఆ తర్వాత ఈథర్‌నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ దగ్గర 1000/1000 అనో 100/100 అనో ఉంటుంది. అదే కేబుల్‌ని, అదే ఓఎన్‌టీ పోర్టుని ల్యాప్‌టాప్‌తో ఇలా చూస్తే తప్పు కేబుల్‌దో పోర్టుదో రౌటర్‌దో తేలిపోతుంది. చాలా రౌటర్లలో అడ్మిన్ పేజీలో కూడా వ్యాన్ పోర్టు (మోడెమ్ నుంచి కేబుల్ వచ్చే పోర్టు) స్పీడు చూపిస్తారు.

ఈ ఒక్క కేబుల్ ఏర్పాటులో మిగిలే ప్రశ్న రౌటర్‌ని ఏ మోడ్‌లో పెట్టాలన్నది. ఓఎన్‌టీ కూడా రౌటర్‌లా పనిచేస్తూ, దాని వెనక మీ రౌటర్ కూడా రౌటర్‌లాగే పనిచేస్తే రెండుసార్లు నాట్ (ఇంటి లోపలి అడ్రస్‌లను బయటి అడ్రస్‌గా మార్చడం) జరుగుతుంది. మామూలు వాడకానికి ఇబ్బంది కనిపించదు కానీ ఆన్‌లైన్ గేములు, సీసీ కెమెరాలను బయట నుంచి చూడటం, ఆఫీసు వీపీఎన్‌లు కొన్నిసార్లు మొండికేస్తాయి. ప్రొవైడర్ ఒప్పుకుంటే ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి డేటాని అలాగే దాటించే పద్ధతిలో) పెట్టించి లాగిన్ అంతా మీ రౌటర్‌కి అప్పగించండి. పీపీపీఓఈ (యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) వాడే సంస్థ అయితే యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబర్ ముందే అడిగి రాసి పెట్టుకోవాలి. ఒప్పుకోకపోతే మీ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చేయండి.

రెండు పోర్టులు కలిపితే నిజంగా ఏం జరుగుతుంది

లింక్ అగ్రిగేషన్ కొత్తదేమీ కాదు. 802.3ఏడీ పేరుతో 2000లోనే ప్రమాణం వచ్చింది, 2008లో దాన్ని 802.1ఏఎక్స్ కిందికి మార్చారు. రెండు పరికరాలూ ఎల్‌ఏసీపీ అనే పద్ధతిలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, ఈ రెండు కేబుళ్లూ కలిపి ఒకే లింక్ అని ఒప్పందానికి వస్తాయి. ఆఫీసుల్లో స్విచ్‌ల మధ్య, సర్వర్ల దగ్గర దీన్ని ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు.

అయితే రెండు గిగాబిట్లు కలిస్తే 2 గిగాబిట్ల పైపు ఒకటి తయారవుతుందని అనుకోవడం పొరపాటు. రైల్వే స్టేషన్లో రెండో టికెట్ కౌంటర్ తెరిస్తే క్యూ త్వరగా కదులుతుంది, కానీ మీ ఒక్క టికెట్ మాత్రం ఏదో ఒక కౌంటర్లోనే, అదే వేగంతో ప్రింట్ అవుతుంది. ఇక్కడా అంతే. ఒక్కో కనెక్షన్ రెండు కేబుళ్లలో ఏదో ఒకదానికే కేటాయించబడుతుంది. ఒకే డౌన్‌లోడ్ ప్యాకెట్లను రెండింటి మీదా పంచితే అవి వరస తప్పి చేరతాయి, అప్పుడు వేగం పెరగాల్సింది పోయి తగ్గుతుంది. అందుకే ఒక్క ఫైలు ఒక్క కనెక్షన్ మీద దిగుతుంటే దానికి 940 దాటే మార్గం లేదు. పిల్లలు గేమ్ దించుకుంటుంటే, పెద్దవాళ్లు వీడియో కాల్‌లో ఉంటే, టీవీ 4కే నడుస్తుంటే, అన్నీ కలిపిన మొత్తం మాత్రం 940 దాటగలదు.

ఏ కనెక్షన్ ఏ కేబుల్‌లో వెళ్లాలన్నది ఒక లెక్క ప్రకారం నిర్ణయమవుతుంది. పంపే పరికరం ప్యాకెట్‌లోని చిరునామాలను తీసుకుని హాష్ వేసి, అంటే వాటిని ఒక సూత్రంలో పెట్టి ఒక అంకె రాబట్టి, కేబుల్‌ని ఎంచుకుంటుంది. ఇక్కడ రెండు విషయాలు ఇళ్లలో దెబ్బకొడతాయి. మొదటిది, డౌన్‌లోడ్ వైపు ఎంపిక చేసేది మోడెమ్, రౌటర్ కాదు. రౌటర్‌లో మీరు ఎంత మంచి సెట్టింగ్ పెట్టినా అది అప్‌లోడ్‌కే వర్తిస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. మోడెమ్ నుంచి రౌటర్‌కి వచ్చే ప్రతి ప్యాకెట్‌లోనూ అవే రెండు మ్యాక్ అడ్రస్‌లుంటాయి (పరికరాలకు ఉండే గుర్తింపు సంఖ్యలు), ప్రొవైడర్ గేట్‌వేది ఒకటి, మీ రౌటర్‌ది ఒకటి. హాష్ మ్యాక్ అడ్రస్‌ల మీదే వేస్తే జవాబు ఎప్పుడూ ఒకటే వస్తుంది, ట్రాఫిక్ మొత్తం ఒకే కేబుల్‌లో పోతుంది, రెండోది ఖాళీగా వెలుగుతూ కూర్చుంటుంది. ఐపీ అడ్రస్, పోర్టు నంబర్ల (ఇవి పెట్టె వెనకి పోర్టులు కావు, ప్యాకెట్ లోపల ఉండే అంకెలు) మీద కూడా హాష్ వేయగలిగితేనే పంపకం సరిగ్గా జరుగుతుంది. లినక్స్ ఆధారిత రౌటర్ సొంతంగా తయారుచేసుకునేవాళ్లు ఇది గమనించాలి. లినక్స్ బాండింగ్‌లో డీఫాల్ట్ లేయర్2 (మ్యాక్ అడ్రస్‌ల లెక్క) ఉంటుంది, దాన్ని లేయర్3+4కి (ఐపీ అడ్రస్, పోర్టు నంబర్ల లెక్క) మార్చుకోవాలి.

మన దగ్గర పీపీపీఓఈ కనెక్షన్లకు ఇది ఇంకో అడ్డంకి. పీపీపీఓఈ ప్యాకెట్ లోపల ఐపీ సమాచారం మరో పొర కింద దాగి ఉంటుంది. చాలా పరికరాలు ఆ పొర తెరిచి చూడకుండా మళ్లీ మ్యాక్ అడ్రస్‌ల లెక్కకే దిగిపోతాయి. కాబట్టి బ్రిడ్జ్ మోడ్‌లో ఉన్న ఓఎన్‌టీకి రెండు కేబుళ్లు వేసి ఎల్‌ఏసీపీ ఎలాగోలా పనిచేయించినా ప్రయోజనం దక్కే అవకాశం తక్కువ. అసలు ఇళ్లకు ఇచ్చే ఓఎన్‌టీల్లో ఎల్‌ఏసీపీ సెట్టింగ్ కనిపించడమే అరుదు. జీఈ, ఎఫ్ఈ పోర్టులైతే కలవనే కలవవు, ఎందుకంటే కలిపే లింక్‌లన్నీ ఒకే వేగంతో ఉండాలి.

సెట్టింగ్ ఏదీ లేకుండా ఊరికే రెండు కేబుళ్లు గుచ్చడం మాత్రం వద్దే వద్దు. రౌటర్ యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉండి, దాని రెండు పోర్టుల నుంచి ఓఎన్‌టీ రెండు ల్యాన్ పోర్టులకు కేబుళ్లు వెళ్తే లూప్ ఏర్పడుతుంది. ఒక్క బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ (అన్ని పరికరాలకూ ఒకేసారి వెళ్లేది) ఆ చక్రంలో తిరుగుతూ లక్షలవుతుంది. రెండు పెట్టెల మీదా లైట్లన్నీ ఒకేసారి టపటపా కొట్టుకుంటాయి, వైఫై కనెక్ట్ అయి ఉన్నా ఒక్క పేజీ తెరుచుకోదు, రౌటర్ అడ్మిన్ పేజీ కూడా రాదు. అలా కనిపిస్తే రీసెట్ బటన్ జోలికి పోకుండా ముందు రెండో కేబుల్ తీసేయండి.

ఇది బాగా పనిచేసే చోటు అమెరికాలోని కేబుల్ ఇంటర్నెట్. అక్కడ 1.2 గిగాబిట్ ప్లాన్లు వచ్చేసరికి చాలా డాక్సిస్ 3.1 (కేబుల్ ఇంటర్నెట్ ప్రమాణం) మోడెమ్‌లలో గిగాబిట్ పోర్టులే ఉండేవి. ఆ అంతరాన్ని పూడ్చడానికే తయారీదారులు ఈ పద్ధతిని ఇళ్లకు తెచ్చారు. ఆరిస్ ఎస్‌బీ8200కి, నెట్‌గేర్ సీఎం1100కి రెండేసి పోర్టులుంటాయి, నెట్‌గేర్ సీఎం1200కి నాలుగు. రౌటర్ల వైపు ఏసస్ ఆర్‌టీ-ఏఎక్స్88యూ లాంటి వాటిలో వ్యాన్ అగ్రిగేషన్ ఉంది. దానికి మోడెమ్ నుంచి ఒక కేబుల్ వ్యాన్ పోర్టుకి, రెండోది నాలుగో ల్యాన్ పోర్టుకి పెట్టాలి. ఏదో ఒక ఖాళీ పోర్టులో పెడితే పనిచేయదు, ఏ పోర్టు అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్ చూడటం తప్పనిసరి. రౌటర్‌లో వ్యాన్ అగ్రిగేషన్ అన్న మాట ఉందో లేదో ప్రత్యేకంగా వెతకండి. పెట్టె మీద లింక్ అగ్రిగేషన్ అని రాసినా, కొన్ని మోడళ్లలో అది ల్యాన్ వైపు, నాస్ (ఇంట్లో అందరి ఫైళ్లూ దాచుకునే నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె) కలుపుకోవడానికి మాత్రమే ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. కేబుల్ మోడెమ్ ఫర్మ్‌వేర్‌ని (దాని లోపలి సాఫ్ట్‌వేర్‌ని) మనం మార్చలేం, ప్రొవైడరే పంపాలి. అందుకే ఒకే మోడల్ మోడెమ్‌లో ఒక కంపెనీ దగ్గర అగ్రిగేషన్ పనిచేసి, ఇంకో కంపెనీ దగ్గర పనిచేయకపోవచ్చు. కొనేముందు మీ ప్రొవైడర్ ఆమోదించిన మోడెమ్‌ల జాబితాలో ఆ మోడల్ పక్కన ఎంత స్పీడు దాకా అని రాశారో చూసుకోండి.

కలిపాక పనిచేస్తోందో లేదో ఒక్క కంప్యూటర్‌తో తెలియదు. కంప్యూటర్ పోర్టు గిగాబిట్ అయితే అది 940 దగ్గరే ఆగుతుంది. రెండు కంప్యూటర్లను రెండు ల్యాన్ పోర్టులకు కలిపి ఒకేసారి స్పీడ్ టెస్టు పెట్టండి. రెండు అంకెల మొత్తం 940 దాటితే పని జరుగుతున్నట్టే. తర్వాత ఒక కేబుల్ పీకి చూడండి. నెట్ కొన్ని క్షణాలు తడబడినా ఆగకుండా సాగాలి. మళ్లీ పెట్టి రెండోది పీకండి. ఈ రెండో పరీక్ష చాలామంది చేయరు. ఒక కేబుల్ మీదే అంతా నడుస్తున్న సంగతి అప్పుడే బయటపడుతుంది.

2.5 గిగాబిట్ పోర్టు

802.3బీజెడ్ ప్రమాణం 2016లో వచ్చింది. దాని ముఖ్యమైన గుణం ఏమిటంటే, ఇప్పటికే గోడల్లో ఉన్న క్యాట్ 5ఈ కేబుల్ మీదే 100 మీటర్ల దాకా 2.5 గిగాబిట్లు నడుస్తాయి. 5 గిగాబిట్లకు క్యాట్ 6 ఉంటే మంచిది. 2.5 పోర్టులో స్పీడ్ టెస్టుకి 2.35 గిగాబిట్ల దాకా అందుతుంది. హాష్ గొడవ లేదు, ఏ పోర్టుకి ఏది అన్న తికమక లేదు, ఎల్‌ఏసీపీ సెట్టింగ్ లేదు. ఒక్క డౌన్‌లోడ్ కూడా ఆ మొత్తాన్ని వాడుకోగలదు. రెండు గిగాబిట్ కేబుళ్లు కలిపినదానికంటే ఇది అన్ని విధాలా మెరుగని నేను నమ్ముతున్నాను.

మోడెమ్ తయారీదారులు కూడా అటే వెళ్లారు. మోటరోలా ఎంబీ8611, నెట్‌గేర్ సీఎం2000 మోడెమ్‌లకు ఒక్కటే పోర్టు, అది 2.5 గిగాబిట్లది. ఆరిస్ ఎస్33కి 2.5 ఒకటి, గిగాబిట్ ఒకటి ఉంటాయి. ఆ రెండింటినీ కలపాలని చూడకండి, 2.5 ఒక్కటే వాడండి. ఏటీ అండ్ టీ ఫైబర్ 2022 జనవరిలో 2, 5 గిగాబిట్ ప్లాన్లు తెచ్చింది. వాళ్ల బీజీడబ్ల్యూ320 గేట్‌వేలో 5 గిగాబిట్ పోర్టు ఒక్కటే, మిగతావి గిగాబిట్‌వి. సొంత రౌటర్ పెట్టుకునేవాళ్లు కేబుల్ ఆ ఒక్క పోర్టులోనే పెట్టాలి.

రౌటర్ కొనేటప్పుడు 2.5 పోర్టులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఏసస్ ఆర్‌టీ-ఏఎక్స్86యూ లాంటి వాటిలో అది ఒక్కటే ఉంటుంది. దాన్ని మోడెమ్‌కి ఇచ్చేస్తే కంప్యూటర్‌కి మళ్లీ గిగాబిట్ పోర్టే మిగులుతుంది. ఇంటి మొత్తానికి స్పీడు పెరుగుతుంది కానీ ఏ ఒక్క కంప్యూటర్‌కీ 940 దాటదు. పెద్ద వీడియో ఫైళ్లతో పనిచేసేవాళ్లు కనీసం రెండు 2.5 పోర్టులున్న రౌటర్ తీసుకోవాలి. ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు లేకపోతే యూఎస్‌బీ 3కి పెట్టుకునే 2.5 గిగాబిట్ అడాప్టర్ దొరుకుతుంది.

లాభం ఎంతో అంకెల్లో చూడండి. 50 జీబీ గేమ్ 940 మీద దిగడానికి ఏడు నిమిషాలు పడితే, 1.2 గిగాబిట్ల మీద అయిదున్నర నిమిషాలు పడుతుంది. నెలకు ఒకటి రెండుసార్లు అలాంటి డౌన్‌లోడ్ చేసే ఇంట్లో ఆ ఒకటిన్నర నిమిషం కోసం పాత మోడెమ్, పాత రౌటర్ రెండూ మార్చేయమని నేను చెప్పను. అవి పాడయ్యాకో, ప్లాన్ 2 గిగాబిట్లకు వెళ్లాకో మార్చుకోవచ్చు.

నెట్ పోకూడదన్నదే అవసరమైతే

రెండు కేబుళ్లు కలపాలని వచ్చేవాళ్లలో కొందరికి అసలు కావాల్సింది ఇది. మోడెమ్, రౌటర్ మధ్య ఎన్ని కేబుళ్లున్నా బయట ఫైబర్ తెగితే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకు రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లు, వాటిని అందుకోవడానికి డ్యూయల్ వ్యాన్ ఉన్న రౌటర్ కావాలి.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఫెయిలోవర్‌లో ఒకటి నడుస్తుంటుంది, అది పోతే రెండోదానికి మారుతుంది. లోడ్ బ్యాలెన్స్‌లో రెండూ ఒకేసారి నడుస్తాయి, కనెక్షన్లను పంచుకుంటాయి. ఇళ్లకు నేను ఫెయిలోవరే చెప్తాను. లోడ్ బ్యాలెన్స్‌లో ఒక పేజీకి ఒక ఐపీ అడ్రస్, ఇంకో పేజీకి ఇంకో ఐపీ అడ్రస్ వెళ్తుంటాయి. అది చూసి బ్యాంకు సైట్లు అనుమానంతో మధ్యలో లాగౌట్ చేసేస్తాయి, ఓటీపీ కొట్టే సమయానికి సెషన్ పోతుంది, టెన్షన్ పెరుగుతుంది. లోడ్ బ్యాలెన్సే కావాలంటే ఒక్కో పరికరం ఒకే లైన్ వాడేలా నియమం పెట్టుకోండి.

100, 100 కలిపి ఒక్క డౌన్‌లోడ్‌కే 200 రావాలంటే డ్యూయల్ వ్యాన్ కూడా చాలదు. దానికి బయట ఒక సర్వర్ రెండు దారుల్లో వచ్చే డేటాని మళ్లీ కలిపి పంపాలి. స్పీడిఫై లాంటి సేవలు చేసేది ఇదే. నెలవారీ డబ్బు కట్టాలి, ఆ సర్వర్ దూరం వల్ల ఆలస్యం కొంత పెరుగుతుంది. అంత కంటే పెద్ద ప్లాన్ తీసుకోవడం చౌక.

రౌటర్లలో టీపీ-లింక్ ఈఆర్605 లాంటివి ఒకటికి మించి వ్యాన్ పోర్టులిస్తాయి, కానీ వాటిలో వైఫై ఉండదు. మీ పాత రౌటర్‌ని దాని వెనక యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకోవాలి. ఫెయిలోవర్ ఎలా గుర్తిస్తుందో కూడా చూసుకోండి. కేబుల్ ఊడిందా లేదా అని మాత్రమే చూసే రౌటర్ పనికిరాదు. ఓఎన్‌టీకి కరెంటుంటే కేబుల్ లింక్ బతికే ఉంటుంది, వెనక ఫైబర్ తెగిన సంగతి రౌటర్‌కి తెలియదు. 8.8.8.8 లాంటి బయటి అడ్రస్‌కి పింగ్ చేసి, అంటే చిన్న సందేశం పంపి జవాబు వస్తోందో లేదో చూసే సెట్టింగ్ ఉండాలి.

రెండో కనెక్షన్ ఏదన్నది అన్నిటికంటే ముఖ్యం. రెండు కంపెనీల ఫైబర్లూ ఒకే కరెంటు స్తంభం మీదుగా వస్తుంటే రెండూ ఒకేసారి పోతాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించినప్పుడు చాలా ప్రాంతాల్లో జరిగింది అదే. ఒకటి ఫైబర్ అయితే ఇంకోటి గాలిలో వచ్చేది తీసుకోండి. జియో, ఎయిర్‌టెల్ రెండింటికీ 2023 నుంచి 5జీ మీద నడిచే ఎయిర్‌ఫైబర్ ఉంది. మీ ఇంటి పైన సిగ్నల్ బాగుంటే అది మంచి జోడీ. ఓఎన్‌టీ, రెండో కనెక్షన్ పెట్టె, రౌటర్ మూడింటికీ మినీ యూపీఎస్ ఉండాలి. ఒక్కదానికి లేకపోయినా కరెంటు పోగానే ఈ ఏర్పాటంతా వృథా.

ఎవరు ఏది తీసుకోవాలి

గుంటూరులోనో వరంగల్‌లోనో 100 నుంచి 500 ప్లాన్ ఉన్నవాళ్లు పోర్టుల గురించి ఆలోచించకండి. జీఈ పోర్టు, రాగి కేబుల్, సరైన మోడ్, ఈ మూడూ చూసుకుంటే డబ్బు కట్టినంత స్పీడు వస్తుంది. 1 గిగాబిట్ ప్లాన్ ఉన్నా ఇదే సలహా, ఎందుకంటే 940కి, 1000కి మధ్య తేడా ఎవరికీ తెలియదు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో 1.2 గిగాబిట్ ప్లాన్, ఎస్‌బీ8200 లాంటి మోడెమ్, వ్యాన్ అగ్రిగేషన్ ఉన్న రౌటర్ ఇప్పటికే ఉన్నవాళ్లు ఒక ఆదివారం కూర్చుని రెండో కేబుల్ కలిపి చూడండి. పనిచేస్తే ఉంచండి. రోజుకోసారి లింక్ పడి లేస్తుంటే వెంటనే ఒక కేబుల్‌కి వచ్చేయండి, 200 మెగాబిట్ల కోసం నిలకడ పోగొట్టుకోవద్దు. మోడెమ్‌లో ఉండి రౌటర్‌లో లేకపోతే, అగ్రిగేషన్ కోసమని రౌటర్ కొనొద్దు. ఆ డబ్బు 2.5 పోర్టున్న రౌటర్ మీద పెట్టండి, మోడెమ్ మార్చినప్పుడు అది అలాగే పనికొస్తుంది.

ఇంట్లో నాస్ పెట్టుకుని నలుగురు ఒకేసారి ఫోటోలు, వీడియోలు ఎక్కించేవాళ్లకు మాత్రం ఎల్‌ఏసీపీ మంచి నేస్తం. వేర్వేరు కంప్యూటర్లు, వేర్వేరు మ్యాక్ అడ్రస్‌లు ఉంటాయి కాబట్టి పంపకం చక్కగా జరుగుతుంది. అది రౌటర్‌కీ నాస్‌కీ మధ్య, మోడెమ్‌తో దానికి సంబంధం లేదు.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు గోడలకు ప్లాస్టరింగ్ కాకముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడండి. ఫైబర్ లోపలికి వచ్చే చోటు సాధారణంగా వీధి గుమ్మం దగ్గరో బాల్కనీలోనో ఉంటుంది, రౌటర్ ఉండాల్సింది ఇంటి మధ్యలో. ఆ రెంటి మధ్య కరెంటు వైర్లకు వేరుగా ఒక పైపు వేయించి అందులో రాగి క్యాట్ 6 కేబుళ్లు రెండు లాగించండి. ఒకటి మోడెమ్‌కీ రౌటర్‌కీ మధ్య నడుస్తుంది, 2.5 గిగాబిట్లకు కూడా అదే చాలు. రెండోది రేపు ఎయిర్‌ఫైబర్ పెట్టుకుంటే రెండో వ్యాన్‌కి పనికొస్తుంది. రెండు చివర్లకూ ఏది ఏదో రాసి చీటీ అంటించడం మర్చిపోవద్దు.